కరిచాక "ఏ పాము?" అని కూర్చోకండి

నాట్లు మొదలయ్యాయి, పాముకాట్లూ మొదలయ్యాయి. పోయిన వారం మా పక్క మండలంలో నాట్లకు వచ్చిన ఒకామె రాత్రి పాకలో నేల మీద పడుకుంది. చెవి కింద ఏదో కుట్టినట్టయి లేచింది. లైటు వేసి చూస్తే గోడ వారన తెల్ల చారల సన్న పాము. "ఇది బల్లుల్ని తినేదే, దీనికి విషం లేదు" అన్నాడు ఒక పెద్దాయన. నొప్పి లేదు, వాపు లేదు, గాటు కూడా సరిగ్గా కనిపించలేదు. అందరూ మళ్ళీ పడుకున్నారు. తెల్లారేసరికి ఆమె రెప్పలెత్తలేకపోయింది, ఉమ్మి మింగలేకపోయింది. ఇప్పుడు వెంటిలేటరు మీద ఉంది. కరిచింది కట్లపాము.

ఇళ్ళలో దూరిన పాముల్ని పట్టి ఊరి బయట వదిలే పని నాది. వానలు పడితే చాలు, ఫోనుకు ఫోటోలే ఫోటోలు. "అన్నా, ఇది విషపుదేనా?" పాము ఇంట్లో ఉన్నప్పుడు అడగాల్సిన ప్రశ్నే అది. మనిషిని కరిచాక అడిగితే మాత్రం నేను ఫోటో తెరవను, ముందు బండి తీయమంటాను.

పోలికలు చూసి పొరబడితే ప్రాణాలు తీసే పాముల్లో ముందు చెప్పాల్సింది కట్లపామే. నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, దాని మీద సన్నటి తెల్ల అడ్డచారలు, చాలా చోట్ల జంటలుగా ఉంటాయి. మెడ దగ్గర చారలుండవు. జానెడు కిందికి వచ్చాక మొదలై తోకవైపు స్పష్టంగా కనిపిస్తాయి. గోడల మీద బల్లుల కోసం తిరిగే విషం లేని పాముకు ఇది తిరగబడి ఉంటుంది: గోధుమ రంగు ఒంటి మీద చారలు మెడ దగ్గరే వెడల్పుగా మొదలై, తోకకు వెళ్ళేకొద్దీ మాసిపోతాయి. కట్లపాము వెన్ను నడిమధ్య వరుస పొలుసులు మిగతావాటికంటే పెద్దవి, ఆరు పలకలవి.

చదవడానికి తేలిగ్గానే ఉంది కదా? కానీ కట్లపాము పిల్లకు చారలు తల దగ్గర్నుంచే ఉండొచ్చు. పెద్దదానికి కొన్నిసార్లు మాసిపోతాయి. కుబుసం విడిచే ముందు ఏ పాము రంగైనా మసకబారుతుంది. అర్ధరాత్రి, సెల్లు వెలుగులో, చేతులు వణుకుతుంటే పొలుసుల పలకలు ఎవరు లెక్కపెడతారు? పైగా జనం కర్రతో చితక్కొట్టాకే నాకు ఫోటో పెడతారు. తల ఉండదు, మెడ ఉండదు. ఆ ఫోటో చూసి "ఏం కాదు" అని చెప్పేవాడు ఎవడైనా సరే, నమ్మకండి.

ఇక రక్తపింజర. దీన్ని కొండచిలువ పిల్ల అనుకుంటారు. పింజర వీపు మీద, పక్కల మీద నల్ల అంచున్న కోలమచ్చలు మూడు వరుసల్లో వరసగా పేర్చినట్టుంటాయి. కొండచిలువ మచ్చలు ఏ రెండూ ఒక తీరుగా ఉండవు. రెండు తలల పాము జాతిలోనూ పింజరలా మచ్చలుండేది ఒకటుంది, దాని తోక బాగా పొట్టి. పింజర బుస కొడితే కుక్కరు ఆవిరి వదిలినట్టుంటుంది, కానీ ప్రతిసారీ కొట్టదు. వరి పనల కింద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్క ఈతలో ఇరవై ముప్పై కూడా ఉంటాయి. పుట్టిన రోజు నుంచే ప్రతి పిల్లకూ విషం ఉంటుంది. కొండచిలువ పిల్ల అనుకుని పింజరను ముద్దుగా చేతిలోకి తీసుకున్న కుర్రాళ్ళకు వేళ్ళు తీసేయాల్సి రావడం చూశాను.

జెర్రిపోతును నాగుపాము అనుకుని చంపేస్తారు. పెదవుల మీద నిలువు నల్లగీతలు, పెద్ద కళ్ళు ఉంటే జెర్రిపోతు. మీ గాదె దగ్గర ఎలుకల్ని తినేది అదే, పోనివ్వండి. పడగ విప్పలేదు కాబట్టి నాగు కాదనుకోవద్దు. మెడ వెడల్పయింది కాబట్టి నాగే అనీ అనుకోవద్దు, బెదిరితే విషం లేని నీరుకట్టె కూడా మెడ వెడల్పు చేస్తుంది. రాళ్ళ నేలల్లో తిరిగే చిన్న పింజర మూరెడే ఉంటుంది, ఒళ్ళు ఒంటికి రాసుకుంటూ గరగరమంటుంది. అది వినిపిస్తే వెనక్కి జరగండి.

ఈ గుర్తులన్నీ దూరం నుంచి చూసి తప్పుకోవడానికే పనికొస్తాయి. కరిచాక వీటితో పని లేదు. మళ్ళీ చెబుతున్నాను, కరిచాక వీటితో పని లేదు. మన ఆసుపత్రుల్లో ఎక్కించే విరుగుడు ఒక్కటే. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి చేసిందే. పాము పేరు తెలియకపోయినా వైద్యం ఆగదు. గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషమని అర్థం. కట్లపాము కాటులో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, అందుకే రెప్పలు, ఊపిరి చూస్తూ రోజంతా ఉంచుతారు. పరీక్ష బాగుందని లేచి వచ్చేయకండి. లక్షణాలు కనబడకముందే మందు ఎక్కించలేదని డాక్టరుతో గొడవ పడకండి.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. అందులో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అంటే ఈ నెలల్లోనే.

కాబట్టి వినండి.

నేల మీద పడుకోవద్దు. మంచం లేకపోతే దోమతెర కట్టి, అంచులు చాప కిందికి దోపండి. కట్లపాము ఒంటి మీదికి రాకుండా ఆపేది అదే.

మోటారు స్టార్టరు డబ్బా చేత్తో తెరవకముందు కర్రతో తట్టండి.

పనలు ఎత్తేముందు కర్రతో తిప్పండి, కింద చెయ్యి పెట్టవద్దు.

రాత్రి పడుకుని లేచాక కారణం తెలియకుండా కడుపునొప్పి, గొంతునొప్పి, రెప్పలు వాలడం ఉంటే గాటు వెతకద్దు. ఆసుపత్రికే.

తాడుతో బిగించి కట్టొద్దు. పింజర కాటుకు అలా కడితే కాలు కుళ్ళుతుంది.

కోయొద్దు. పీల్చొద్దు. పసరు వద్దు, మంత్రం వద్దు, నల్లరాయి వద్దు.

ఉంగరం, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి.

కరిచిన చెయ్యో కాలో కదలకుండా బద్ద కట్టండి. నడిపించొద్దు. 108కి ఫోన్ చేయండి, రాకపోతే బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్ళండి.

పాముని పట్టి తేవద్దు. తెగిన తల కూడా కాసేపటిదాకా కరుస్తుంది.

విషం లేనిదే అని ఎవరన్నా, మీ నాన్న అన్నా, నేనన్నా, ఆగొద్దు.

కరిచిన టైము కాగితం మీద రాసుకోండి. ఇంటికి పంపాక రెప్ప వాలినా, మూత్రం తగ్గినా, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా ఆ గంటలోనే తిరిగి తీసుకెళ్ళండి.