పిల్లలకు ఎక్స్‌రే డాక్టరు కథ చెప్పాలంటే

నవంబరు 8 దగ్గర పడితే పొందూరు వైపు బడుల నుంచి ఎవరో ఒక సైన్సు టీచరు నాకు ఫోను చేస్తారు. "ఎక్స్‌రే గదిలో 31 ఏళ్లు చేశారు కదా మాస్టారూ, పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పండి" అని. ఈ ఏడాది మోకాళ్లు బస్సెక్కనివ్వడం లేదు. అందుకే నేను చెప్పే పద్ధతి రాసిస్తున్నాను. ఒక పీరియడు చాలు.

రాంట్‌జెన్‌తో మొదలుపెట్టకండి. 1895 నవంబరు 8న ఆయన ఈ కిరణాలు కనిపెట్టాడని పిల్లలు ఎలాగూ బట్టీ కొట్టేసి ఉంటారు. జాన్ హాల్-ఎడ్వర్డ్స్‌ను తీసుకోండి. 1858లో పుట్టిన బర్మింగ్‌హామ్ డాక్టరు, ఫొటోల పిచ్చి ఉన్న మనిషి.

ఒక కుట్టు సూది, సెల్‌ఫోను, చేతిది పాత ఎక్స్‌రే ఫిల్ము తీసుకెళ్లండి. ఫిల్ము మూల ఉన్న పేరు మీద ప్లాస్టరు అంటించండి. ఎవరి చెయ్యి విరిగిందో ఊరంతటికీ ఎందుకు?

ముందు ఫోను టార్చి మీద అరచెయ్యి పెట్టించండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి, ఎముక కనబడదు. మామూలు వెలుతురు కండలోనే చెదిరిపోతుంది. ఎక్స్‌రే కండను చాలావరకు దాటిపోతుంది, ఎముకలోని కాల్షియం దగ్గర ఆగుతుంది, ఉక్కు దగ్గర ఇంకా ఆగుతుంది. ఇక్కడ తొందరపడకండి. కిరణం తగిలిన చోటే ఫిల్ము తెల్లబడుతుందని సగం మంది అనుకుంటారు. తగిలితే నల్లబడుతుంది. తెల్లగా ఉన్నది ఎముక నీడ. ఒకసారి ఫిల్ము చూసి ఒక నేత ఇంటి కుర్రాడు "మా నానమ్మ పత్తి ఏకే వాలుగ చేప దవడలా ఉంది సార్" అన్నాడు. నాకు అంతకంటే మంచి పోలిక ఇప్పటికీ దొరకలేదు.

ఇప్పుడు సూది బయటికి తీయండి. రాంట్‌జెన్ తన వ్యాసం ఇచ్చింది 1895 డిసెంబరు 28న. సరిగ్గా రెండు వారాలకు, 1896 జనవరి 11న, హాల్-ఎడ్వర్డ్స్ తన తోటివాడి చేతిలో ఉన్న సూదిని ఎక్స్‌రే తీసి చూపించాడు. ఫిబ్రవరి 14న ఆయన తీసిన బొమ్మను దారిగా పెట్టుకుని ఆపరేషనే చేశారు. అంతకుముందు విరిగిన సూది కోసం చెయ్యి కోసి వెతుక్కోవాల్సిందేనని చెబితే చాలు, కుట్టుపని తెలిసిన ఇంటి పిల్లలకు ఇంకేం వివరించక్కర్లేదు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో ఆయన సైనికులకు ఎక్స్‌రేలు తీసిన సంగతి ఒక్క ముక్కలో దాటేయండి.

తర్వాత చెయ్యి సంగతి. ఇది నెమ్మదిగా చెప్పాలి. ఆ రోజుల్లో ఎక్స్‌రే పుట్టించే ట్యూబు సరిగా పనిచేస్తోందా లేదా అని చూడటానికి చాలామంది తమ చేతినే అడ్డుపెట్టేవారు. నొప్పి తెలియదు, అదే మోసం. చర్మం ఎర్రబడి, పగిలి, మానని పుండ్లవుతాయి. 1908లో హాల్-ఎడ్వర్డ్స్ ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. తర్వాత కుడిచేతి నాలుగు వేళ్లూ పోయి బొటనవేలు మిగిలింది. తీసేసిన చేతిని ఆయన మ్యూజియానికి ఇచ్చేశాడు. 1926లో పోయాడు. ఆ చేతి ఫొటో మాత్రం చూపించకండి. నేనొకసారి చూపిస్తే ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. తప్పు నాదే.

క్లాసు బరువెక్కితే దేవకన్యల ముచ్చట చెప్పండి. 1917లో ఇద్దరు ఇంగ్లీషు ఆడపిల్లలు కాగితం బొమ్మలు కత్తిరించి నిలబెట్టి, దేవకన్యలతో దిగామంటూ ఫొటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు నమ్మేశాడు. మన డాక్టరు నమ్మలేదు, గట్టిగా విమర్శించాడు. వాట్సాప్ ఫొటోల మాట పిల్లలే ఎత్తుతారు.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మరి మీ చెయ్యి బాగానే ఉందేంటి సార్?" నేను సీసం ఏప్రాన్ వేసుకుని, గోడ చాటున నిలబడి బటన్ నొక్కేవాణ్ణి. ఛాతీకి పెట్టుకున్న బ్యాడ్జి మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్లేది, ఒంటికి ఎంత తగిలిందో లెక్క వచ్చేది. ఆ ఏర్పాట్లన్నీ అలాంటి చేతులు పోయాక వచ్చినవే. ఒక ఎక్స్‌రే తీయించుకుంటే చెయ్యి పోతుందా అని టెన్షన్ పడే పిల్లలుంటారు. పోదని, ఆయనకు ఏళ్ల తరబడి లెక్కాపత్రం లేకుండా తగిలిందని చెప్పండి. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం ఎక్స్‌రే గదిలోకి వెళ్లేముందే చెప్పాలని ఇంట్లో చెప్పమనండి.

చివర్లో ఫిల్ము కిటికీకి ఆనించి వరసగా చూడనివ్వండి. గంట కొట్టినా కదలరు, తర్వాతి పీరియడు మాస్టారికి ముందే ఓ మాట చెప్పి ఉంచుకోండి.