చైన్‌సా పెట్రోల్ పైపు విప్పే ముందు జాగ్రత్తలు

• ఇంజిన్ బాగా చల్లారనివ్వండి. సైలెన్సర్ వేడి మీద ఒక్క పెట్రోల్ చుక్క పడినా ప్రమాదమే.

• చల్లారాక ట్యాంకు మూత తిప్పినప్పుడు బుస్సుమని గాలి లోపలికి పోతే, తప్పు పైపుది కాకపోవచ్చు. ముందు ట్యాంకుకి గాలి అందించే రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి.

• స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకి, చైన్‌కి కవర్ తొడగండి.

• పని ఆరుబయట పెట్టుకోండి. బీడీ, పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు.

• ట్యాంకులో పెట్రోల్ మొత్తం క్యాన్‌లోకి వంపండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది, ఎండాక గట్టిపడి చిట్లుతుంది.

• పైపును వేళ్ల మధ్య వంచి చూడండి. పగుళ్లు ఎక్కువగా కార్బొరేటర్‌కి తొడిగే కొసన, ట్యాంకు కన్నం దగ్గర కనిపిస్తాయి. జిగురుగా అంటుకుంటున్నా దాని పని అయిపోయినట్టే.

• ఏ పైపు ఎక్కడ తొడిగి ఉందో విప్పకముందే ఫోన్లో ఫొటో తీసుకోండి. పెట్రోల్ ఎక్కించడానికి వేలితో నొక్కే ప్రైమర్ బల్బుకి రెండు పైపులుంటాయి. తారుమారైతే ఎంత నొక్కినా పెట్రోల్ ఎక్కదు.

• సెలైన్ పైపు, అక్వేరియం పైపు పెట్టే మెకానిక్‌లున్నారు. వద్దనండి, నాలుగు రోజులకే బిగుసుకుపోతుంది. పాత ముక్క షాపుకి తీసుకెళ్లి లోపలి కొలతతో పాటు బయటి కొలత కూడా సరిచూసుకోండి. ట్యాంకు కన్నంలో లీకు ఆపేది ఆ బయటి మందమే.

• కొత్త పైపును ట్యాంకు కన్నంలోకి స్క్రూడ్రైవర్‌తో పొడిచి తొయ్యొద్దు. కొసను ఏటవాలుగా కోసి, ఒక చుక్క 2టి (టూ-స్ట్రోక్ ఇంజిన్) ఆయిల్ రాసి లాగండి.