ఒక దేశం ప్రపంచ యుద్ధంలో ఎలా చిక్కుకుంటుంది: విశాఖ నుంచి వెనక్కి వెతికే పద్ధతి

విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో ఒక జపాను బాంబు ఉంది. 1942 ఏప్రిల్ 6న ఈ ఊరి మీద పడి, పేలకుండా మిగిలిపోయిన బాంబు అది. స్కూలు పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతారు. ఒక దేశం ప్రపంచ యుద్ధంలోకి ఎలా వెళ్లిపడుతుందో తెలుసుకోవాలనుకునే డిగ్రీ విద్యార్థులైనా, ఆ పాఠం చెప్పవలసిన టీచర్లైనా, ముందుగా ఆ ఇనుప ముద్ద ఎదుట కాసేపు ఆగాలని నా సలహా. జపానుకూ విశాఖకూ ఏ తగాదా లేదు. మరి ఆ బాంబు ఇంత దూరం ఎందుకు వచ్చింది?

ఈ పనికి ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు, బంగాళాఖాతం మొత్తం కనిపించే మ్యాపు ఒకటి ఉంటే చాలు. కాగితాన్ని అడ్డంగా పెట్టి, కుడి చివర 1942 ఏప్రిల్ 6 అని రాయండి. అక్కడి నుంచి ఎడమ వైపుకు, అంటే కాలంలో వెనక్కి నడవండి. గైడు పుస్తకాలు దీనికి వ్యతిరేక దిశలో, 1914లో ఆస్ట్రియా యువరాజును చంపిన సరయెవో కాల్పుల నుంచో, 1939లో పోలండు మీద జర్మనీ చేసిన దండయాత్ర నుంచో మొదలుపెడతాయి. అలా చదివితే ప్రతి దేశమూ వరదలో కొట్టుకుపోయిన దుంగలా కనిపిస్తుందే తప్ప, ఎక్కడ ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో తెలియదు.

విశాఖ లెక్క ఇలా వస్తుంది. ఆ రోజు విశాఖ, కాకినాడల మీదికి వచ్చిన విమానాలు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి ఎగిరాయి. దానికి రెండు వారాల ముందు, మార్చి 23న, జపాను అండమాన్లను పట్టుకుంది. మార్చి 8న బర్మా రాజధాని రంగూన్ పడిపోయింది. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. 1941 డిసెంబరులో పెరల్ హార్బర్ మీద దాడి జరిగింది. ఆ ఏడాది వేసవిలో, జపాను ఫ్రెంచి ఇండో చైనా దక్షిణ భాగంలోకి సైన్యాన్ని దించినందుకు అమెరికా దానికి చమురు ఆపేసింది. జపాను తన చమురులో చాలా భాగం అమెరికా నుంచే కొనుక్కునేది. డచ్చి ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) చమురు కోసం దక్షిణానికి దిగితే మలయా, సింగపూర్ దారిలో అడ్డం. చైనాకు సామాను చేరే దారి మూయాలంటే బర్మా కావాలి. బర్మా చేతికొచ్చాక దానికి ఎదురుగా ఉన్నది మన తీరం. ఇంతవరకు రాసుకుంటే కాగితం సగం నిండుతుంది, బాంబు వచ్చిన దారి తెలుస్తుంది. కానీ విశాఖ శత్రు రేవు ఎప్పుడైంది, ఎవరు చేశారు అన్నది ఇంకా తేలలేదు.

అక్కడే అసలు ప్రశ్న వేయాలి: యుద్ధంలో ఉన్నామని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది? 1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. అదే రోజు వైస్రాయి లిన్‌లిత్‌గో, కేంద్ర శాసనసభను గానీ దేశ నాయకులను గానీ సంప్రదించకుండా, భారతదేశం యుద్ధంలో ఉన్నట్లు ప్రకటించాడు. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద రాష్ట్రాల్లో ఎన్నికైన మంత్రివర్గాలు ఉన్నా, రక్షణ, విదేశీ వ్యవహారాలు మాత్రం వైస్రాయి చేతిలోనే ఉండిపోయాయి. అందుకే కాంగ్రెస్ మంత్రివర్గాలు కొద్ది వారాల్లోనే రాజీనామా చేశాయి, మద్రాసులో రాజాజీ ప్రభుత్వం కూడా. మంత్రులు దిగిపోయారు గానీ యుద్ధం ఆగలేదు, ఎందుకంటే వారు వదులుకున్న అధికారాల్లో యుద్ధానికి సంబంధించినది ఒక్కటీ లేదు.

ఈ అంశాన్ని బాగా పట్టుకోవాలంటే అదే వారంలో అదే బ్రిటిషు రాజు కింద ఉన్న ఇతర దేశాలను పక్కపక్కన పెట్టి చూడండి. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి అభ్యాసం లేదు. ఆస్ట్రేలియా ప్రధాని మెంజిస్, బ్రిటన్ యుద్ధంలో ఉంది కాబట్టి తామూ ఉన్నామని అదే సాయంత్రం రేడియోలో చెప్పాడు. కెనడా వారం రోజులు ఆగి, పార్లమెంటులో చర్చించి, సెప్టెంబర్ 10న తన పేరు మీదే ప్రకటన చేసింది. దక్షిణాఫ్రికాలో ప్రధాని హెర్ట్‌జోగ్ తటస్థంగా ఉందామన్నాడు. సభ 67కు వ్యతిరేకంగా 80 ఓట్లతో ఆ తీర్మానాన్ని తిరస్కరించింది. ఆయన దిగిపోయి, యుద్ధంలో చేరదామన్న స్మట్స్ ప్రధాని అయ్యాడు. ఏడుగురు సభ్యులు అటు నుంచి ఇటు మారి ఉంటే ఆ దేశం దారి వేరుగా ఉండేది. ఐర్లండు మాత్రం యుద్ధం పూర్తయ్యేదాకా తటస్థంగానే ఉండిపోయింది. ఎలా ఉండగలిగిందని వెతికితే 1938 ఒప్పందం తగులుతుంది: బ్రిటిషు నౌకాదళం తన చేతిలో ఉంచుకున్న కోబ్, బేర్‌హేవెన్, లౌ స్విల్లీ రేవులను ఆ ఏడాది ఐర్లండుకు తిరిగి ఇచ్చేసింది. రేవులు తనవి కావడంతో తటస్థతకు అర్థం వచ్చింది. విశాఖ రేవు మనది కాదు.

రేవు మాట వచ్చింది గనుక సరుకుల వైపు తిరగాలి. యుద్ధం ఎక్కడికి వస్తుందో తెలుసుకోవడానికి నాయకుల ఉపన్యాసాల కంటే ఓడలకు ఎత్తే సరుకుల జాబితా ఎక్కువ ఉపయోగపడుతుంది. విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలుమార్గం వేసి, మధ్యపరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడం దాని ముఖ్యోద్దేశం. మాంగనీసు లేకుండా ఉక్కు తయారు కాదు, ఉక్కు లేకుండా యుద్ధం సాగదు. దానికి తోడు 1941 జూన్‌లో సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. రెండు కొండల మధ్య మాటుగా ఉన్న రేవు, ఖనిజం తెచ్చే రైలు, ఓడలు కట్టే చోటు, ఈ మూడూ ఒకే మ్యాపు గడిలో ఉన్నాయి.

ఇదే కొలత ఇతర దేశాలకూ పెట్టి చూడండి. నార్వే తటస్థ దేశం, కానీ స్వీడన్ ఇనుప ఖనిజం చలికాలంలో నార్వేలోని నార్విక్ రేవు మీదుగా జర్మనీకి పోయేది. 1940 ఏప్రిల్ 8న బ్రిటన్ నార్వే జలాల్లో మందుపాతరలు పెట్టింది, మర్నాడే జర్మనీ దండెత్తింది. రెండు పక్షాలూ వరుసగా రెండు రోజుల్లో దాని తటస్థతను కాలరాశాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 నాటి అమెరికా కథ కొంత వేరు. అది మిత్రపక్షాలకు సరుకులు అమ్మింది, ఆ సరుకులు కొనడానికి అక్కడి బ్యాంకులే అప్పులిచ్చాయి, ఆ ఓడలను జర్మనీ జలాంతర్గాములు ఫిబ్రవరి 1 నుంచి హెచ్చరిక లేకుండా ముంచడం మొదలుపెట్టాయి, ఏప్రిల్ 6న అమెరికా యుద్ధంలోకి దిగింది. ఆ తేదీ, విశాఖ మీద బాంబులు పడిన తేదీ ఒకటే కావడం కేవలం కాకతాళీయం. పరీక్ష పేపర్లో గుర్తు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. స్వీడన్ మాత్రం తప్పించుకుంది, అయితే జర్మనీకి ఖనిజం అమ్ముతూ, జర్మన్ సైనికులను తన రైళ్లలో వెళ్లనిచ్చి తప్పించుకుంది.

ఒప్పందాల సంగతి చాలామంది అతిగా రాస్తారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1914లో జూలై 23న సెర్బియాకు ఆస్ట్రియా ఇచ్చిన అల్టిమేటం నుంచి ఆగస్టు 4న బ్రిటన్ దిగేదాకా ఒక్కొక్క రోజును ఒక్కొక్క వరుసలో రాయండి. పదమూడు వరుసలు వస్తాయి. ఒప్పందం ఉన్నంత మాత్రాన ఎవరూ దిగలేదని తెలుసుకోవడానికి ఇటలీని చూస్తే చాలు: జర్మనీ, ఆస్ట్రియాలతో ఒప్పందం ఉండి కూడా ఆగిపోయి, మరుసటి ఏడాది ఎదుటి పక్షంలో చేరింది.

కాగితం పని అయ్యాక ఊరు తిరగండి. బీచ్ రోడ్డు వైపు ఆటో మాట్లాడుకుని కోస్టల్ బ్యాటరీ అనండి. టార్చిలైటు బ్యాటరీకీ ఈ పేరుకూ ఏ సంబంధమూ లేదు. అది తీరం కాపలాకు నిలిపిన ఫిరంగుల దళం పేరు. పెద్దవాళ్లను అడిగేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. లైట్లు ఆర్పేసి కిటికీలకు నల్ల కాగితాలు అంటించిన సంగతి చెబితే అది 1942 నాటిదా, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ రేవు దగ్గర మునిగిన 1971 నాటిదా అని అడగండి. ఇళ్లలో చెప్పుకునే మాటల్లో ఈ రెండూ కలగాపులగమయ్యాయి. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు పేరు విని అది కూడా ఈ యుద్ధానిదే అనుకుంటారు. అది 1960ల్లో బర్మా సైనిక ప్రభుత్వ కాలంలో అక్కడి నుంచి తిరిగి వచ్చినవారిది.

చివరగా, విశాఖ యుద్ధంలోకి వచ్చిన తేదీగా కాగితం మీద ఒక్కదాన్ని చుట్టి పెట్టండి. చట్టం ప్రకారమైతే 1939 సెప్టెంబర్ 3, బాంబు ప్రకారమైతే 1942 ఏప్రిల్ 6. నేనైతే మార్చి 8ని చుడతాను. రంగూన్ రేవులో మూటలు మోసినవారిలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారిలో ఉత్తర కోస్తా జిల్లాల తెలుగు కూలీలు చాలామంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి వెళ్లేవారు గనుక అక్కడ వారిని కోరంగీలనే పిలిచేవారు. రంగూన్ చేయిజారే నాటికి ఓడల్లో చోటు దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, అస్సాం అడవుల మీదుగా నడిచి వస్తున్నారు. విశాఖ మీద విమానాలు కనిపించడానికి ఇంకా నాలుగు వారాలు ఉంది.