ట్రయల్ నుంచి ప్రొడక్షన్‌కి – 5వ పాఠం: ఏ ఎడిషన్, ఏ లైసెన్స్?

గత పాఠంలో మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 ట్రయల్ మీద మన అప్లికేషన్‌ని పూర్తిగా నడిపి చూశాం. 180 రోజుల గడువు ముగిసేలోగా ఏదో ఒక ఎడిషన్ కొనాలి. చాలామంది ఇక్కడ ముందుగా ధరల పట్టిక తెరుస్తారు. దానికంటే ముందు మీ డేటాబేస్‌ని, దాని చుట్టూ నడిచే జాబ్‌లని (వాటంతటవే నడిచేలా పెట్టిన పనులని) చూడండి. ట్రయల్‌లో మీ చేతికి వచ్చినవి అన్ని ఫీచర్లూ ఉండే పై ఎడిషన్ ఎంటర్‌ప్రైజ్ ఫీచర్లు. వాటిలో వేటి మీద ఆధారపడ్డారో తెలుసుకోకుండా దానికి కింది ఎడిషన్ స్టాండర్డ్ కొంటే, టెస్టింగ్‌లో చక్కగా నడిచిన పని లైవ్‌లో ఆగిపోతుంది.

సిస్టమ్ సమాచారం ఉండే సిస్ స్కీమాలో డీఎం_డీబీ_పర్సిస్టెడ్_ఎస్‌కేయూ_ఫీచర్స్ అనే వ్యూ (టేబుల్‌లా క్వెరీ చేసి చూసేది) ఉంది. ఎడిషన్‌కి ముడిపడిన ఫీచర్లు ఏవైనా డేటాబేస్‌లో ఉంటే అందులో కనిపిస్తాయి. అయితే పార్టిషనింగ్ (పెద్ద టేబుల్‌ని భాగాలు చేయడం), కంప్రెషన్, కాలమ్‌స్టోర్ (డేటాని కాలమ్‌ల వారీగా నిల్వ చేయడం) లాంటివి 2016 వెర్షన్ ఎస్‌పీ1 (సర్వీస్ ప్యాక్ 1) నుంచి, టీడీఈ (డేటాబేస్ ఫైళ్ల ఎన్‌క్రిప్షన్) 2019 వెర్షన్ నుంచి స్టాండర్డ్‌లోకి వచ్చేశాయి. అందుకే 2022లో ఈ వ్యూ చాలాసార్లు ఖాళీగానే వస్తుంది. అంతమాత్రాన నిశ్చింతగా ఉండొద్దు. డేటాబేస్‌లో నిల్వ అయ్యే ఫీచర్లే దానికి తెలుస్తాయి, మీ స్క్రిప్టులు ఏం చేస్తున్నాయో తెలియదు.

ఉదాహరణకి ఇండెక్స్ రీబిల్డ్ (ఇండెక్స్‌ని మళ్లీ కట్టే) జాబ్ తెరిచి చూడండి. అందులో ఆన్‌లైన్ ఆప్షన్ (టేబుల్ వాడకం ఆగకుండా రీబిల్డ్ చేసేది) ఆన్ అని ఉంటే అది ఎంటర్‌ప్రైజ్‌లోనే నడుస్తుంది, స్టాండర్డ్‌లో ఎర్రర్ వస్తుంది. ఆ ఆప్షన్ తీసేస్తే జాబ్ నడుస్తుంది కానీ, రీబిల్డ్ అయ్యేదాకా ఆ టేబుల్‌లో ఎవరూ డేటా మార్చలేరు. రోజులో కాసేపు వాడకం లేని సమయం దొరుకుతుందా? దొరికితే ఈ ఒక్క కారణానికి ఎంటర్‌ప్రైజ్ కొనడం అనవసరం. రిపోర్టుల్ని సెకండరీ రెప్లికా (వేరే సర్వర్‌లో ఉండే డేటాబేస్ కాపీ) మీద నడపాలంటే మాత్రం ఎంటర్‌ప్రైజ్ తప్ప వేరే దారి లేదు. ఇలాంటి కాపీ కోసం స్టాండర్డ్‌లో ఉన్న బేసిక్ అవైలబిలిటీ గ్రూప్‌లో డేటాబేస్ ఒక్కటే ఉంటుంది, సెకండరీ నుంచి చదవడం కుదరదు.

2022 స్టాండర్డ్‌లో బఫర్ పూల్‌కి (డేటాని ఉంచుకునే మెమరీకి) 128 జీబీ దాటి, ప్రాసెసర్ కోర్లు 24 దాటి వాడుకోలేరు. 2022 ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితమే కానీ ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదు, షెడ్యూల్ జాబ్‌లని నడిపే ఏజెంట్ ఉండదు. డెవలప్‌మెంట్, టెస్టింగ్ కోసం ఇచ్చే డెవలపర్ ఎడిషన్‌ని ప్రొడక్షన్‌లో (అసలు వాడకంలో) వాడకూడదు. 2025 వెర్షన్‌లో స్టాండర్డ్ ఫీచర్లకే పరిమితమైన డెవలపర్ ఎడిషన్ కూడా ఇచ్చారు. ఇది ఎప్పుడో రావాల్సింది, ఇలాంటి తనిఖీ చాలావరకు అదే చేసిపెడుతుంది.

ఇక లైసెన్స్. కోర్ లెక్కన అయితే రెండు కోర్ల ప్యాక్‌లుగా అమ్ముతారు. ఫిజికల్ సర్వర్‌లో ప్రతి ప్రాసెసర్‌కీ కనీసం నాలుగు కోర్లు కొనాలి. ఎనిమిదేసి కోర్ల ప్రాసెసర్లు రెండుంటే 16 కోర్లు, అంటే ఎనిమిది ప్యాక్‌లు. విడిగా వర్చువల్ మెషీన్‌కి (వీఎం) తీసుకున్నా కనీసం నాలుగే, రెండు కోర్ల వీఎం పెట్టి ఆదా చేయలేరు. పైగా 2022 నుంచి అలా తీసుకోవాలంటే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్స్‌తో పాటు తీసుకునే అదనపు ఒప్పందం) గానీ సబ్‌స్క్రిప్షన్ గానీ ఉండాలి.

సర్వర్ ప్లస్ కాల్ (క్లయింట్ యాక్సెస్ లైసెన్స్, అంటే వాడేవాళ్ల లేదా పరికరాల లెక్కన తీసుకునేది) పద్ధతి స్టాండర్డ్‌కి ఉంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. వెబ్ అప్లికేషన్ డేటాబేస్‌కి ఒకే లాగిన్‌తో కనెక్ట్ అవుతుంది కదా, ఒక కాల్ చాలనుకుంటారు. చాలదు. ఆ అప్లికేషన్ వెనక 40 మంది ఉంటే, యూజర్ కాల్ లెక్కన 40 కావాలి. వాడేవాళ్లు ఎందరో చెప్పలేని పబ్లిక్ సైట్‌కి కోర్ లైసెన్సే తీసుకోండి.

కొన్నాక మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. సెటప్‌లో మెయింటెనెన్స్ కింద ఎడిషన్ అప్‌గ్రేడ్ ఎంచుకుని ప్రొడక్ట్ కీ ఇస్తే చాలు. ట్రయల్ నుంచి స్టాండర్డ్‌కైనా ఎంటర్‌ప్రైజ్‌కైనా ఇలా వెళ్లొచ్చు. ఎంటర్‌ప్రైజ్ కీ ఇచ్చాక అదే ఇన్‌స్టాన్స్‌ని (ఇన్‌స్టాల్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని) స్టాండర్డ్‌కి దించలేరు, కొత్తది ఇన్‌స్టాల్ చేసి డేటాబేస్‌లు తరలించాల్సిందే. కాబట్టి సందేహం ఉంటే ముందు స్టాండర్డ్‌తోనే వెళ్లండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: మీ జాబ్‌లన్నీ తెరిచి ఆన్‌లైన్ ఆప్షన్ ఎక్కడెక్కడుందో రాసుకోండి. పక్కనే సర్వర్‌లోని కోర్లు, అప్లికేషన్ వాడేవాళ్ల సంఖ్య రాసిపెట్టుకోండి. ఆ అంకెలతోనే కోర్, కాల్ రెండు పద్ధతుల ఖర్చూ పోల్చి చూద్దాం.