తిరిగిన ఆలోచనే తిరుగుతుంటే ధ్యానం ఎలా చేయాలి?

మేనేజర్‌కి మెసేజ్ పెట్టారు, బ్లూ టిక్‌లు పడ్డాయి, రిప్లై లేదు. పది నిమిషాల్లో మనసు ఎంత దూరం పోతుందో తెలిసిందే కదా: కోపం వచ్చినట్టుంది, నిన్న మీటింగ్‌లో అలా అనకుండా ఉండాల్సింది, ఈసారి హైక్ లేనట్టే, ఉద్యోగమే పోతే ఈఎంఐ ఎవరు కడతారు? ఆయనేమో భోజనానికి వెళ్లుంటారు.

గోళ్లు కొరకడం లాంటి అలవాటే ఇదీ, కాకపోతే బయటికి కనబడదు. ధ్యానంతో దీన్ని మార్చుకోవచ్చు. అయితే ఆలోచనలు ఆగిపోవాలని కూర్చున్నవాళ్లు మూడో రోజుకే విసుగొచ్చి మానేస్తారు.

ముందు ఒక్క అలవాటు ఎంచుకోండి. "టెన్షన్ తగ్గాలి" అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. "రిప్లై లేటయితే చెడే ఊహిస్తాను" అనుకుంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది.

తర్వాత రోజూ పది నిమిషాలు కూర్చోండి. పద్మాసనం అక్కర్లేదు, కుర్చీ చాలు, ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టండి. ఊపిరి ముక్కు దగ్గర తగులుతోందా, పొట్ట దగ్గర కదులుతోందా చూడండి, దాన్ని మార్చొద్దు, ఇది ప్రాణాయామం కాదు. నాలుగు ఊపిర్లు దాటకముందే మనసు ఈఎంఐ దగ్గరికో, రేపు టిఫిన్ ఏం చేయాలన్న దగ్గరికో జారుకుంటుంది, అది జారిందని మీకు తెలిసే ఆ క్షణం కోసమే ఇంతసేపూ కూర్చున్నది. "ఊహ" అనో "దిగులు" అనో మనసులో ఒక్క మాట అనుకుని మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. ఇరవైసార్లు జారితే ఇరవైసార్లు రండి, అంతే. ఇలా పేరు పెట్టి గమనించే పద్ధతిని బర్మా భిక్షువు మహాసి సయాడో బాగా ప్రచారంలోకి తెచ్చారు. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ మెడికల్ స్కూల్లో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించడం) కోర్సు మూలాలు కూడా బౌద్ధ ధ్యానంలోనే ఉన్నాయి.

ఇక పగలు. బ్లూ టిక్ చూడగానే దవడ బిగుసుకుంటుంది, లేదంటే ఛాతీ బరువెక్కుతుంది. ఆలోచన కంటే దాన్ని పట్టుకోవడం తేలిక. పట్టుకున్నాక వాదనకి దిగకండి, "ఆయనకి కోపం వచ్చింది" అనే చోట "ఆయనకి కోపం వచ్చిందన్న ఆలోచన వస్తోంది" అనుకోండి. వినడానికి చాదస్తంగానే ఉంటుంది, కానీ ఆలోచనని నిజమనుకోకుండా ఆలోచనగానే చూడటం, డిప్రెషన్ తిరగబెట్టకుండా వాడే మైండ్‌ఫుల్‌నెస్ థెరపీలో కూడా కీలకమైన మెట్టు. ఆ మాట అనుకున్నాక మూడు ఊపిర్లు చూసి, చేతిలో ఉన్న పనికి వెళ్లండి.

ఎన్నాళ్లు చేయాలి? 21 రోజుల్లో అలవాటు మారిపోతుందన్న లెక్క నమ్మొద్దు. తిండి, వ్యాయామం లాంటి కొత్త అలవాట్ల మీద లండన్‌లో జరిగిన ఒక పరిశోధనలో మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని తేలింది, మధ్యలో ఒకరోజు మానేసినా పెద్ద నష్టం లేదని కూడా. ఎనిమిది వారాల్లో మెదడు ఆకారమే మారిపోతుందన్న ప్రచారాన్నీ పక్కన పెట్టండి, 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో అలాంటి మార్పేమీ కనిపించలేదు.

కూర్చున్నప్పుడల్లా పాత గాయాలు తోడినట్టయి భయం పెరుగుతుంటే మాత్రం ఆపేసి సైకాలజిస్టుని కలవండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.