పెద్ద తెర కోసం వరంగల్ నుంచి హైదరాబాద్ పోవచ్చా? బుక్ చేసే ముందు చూసుకోవాల్సినవి

పెద్ద సినిమా వస్తుందంటే హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. ఇక్కడే చూద్దామా, హైదరాబాద్ పోయి పెద్ద తెర మీద చూద్దామా? దీనికి జవాబు సినిమాను బట్టి, మీరు కూర్చునే వరుసను బట్టి ఉంటుంది. టికెట్ ధర దగ్గర పెద్ద తేడా ఉండదు. 2021 డిసెంబర్ జీవో ప్రకారం తెలంగాణ మల్టీప్లెక్సుల్లో మామూలు సీటుకు గరిష్ఠం 250 రూపాయలు, రిక్లైనర్‌కు 300. వంద దాటిన టికెట్‌కు 18 శాతం జీఎస్టీ కలిపితే 295, 354 అవుతాయి. పెద్ద హీరోల సినిమాలకు మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతితో రేటు పెంచుతారు, కానీ ఆ పెంపు ఇక్కడా ఉంటుంది, అక్కడా ఉంటుంది. అసలు ఖర్చు దారిలోనే.

హన్మకొండ నుంచి కారులో పోను రాను 300 కిలోమీటర్ల దాకా తిరుగుతారు. లీటరుకు 15 ఇచ్చే బండికి 20 లీటర్లు, అంటే పెట్రోలుకే రెండు వేలు దాటుతుంది. కోమళ్ల, బీబీనగర్ దగ్గరి గూడూరు టోల్‌గేట్లు పోయేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు. నలుగురు పోతే టికెట్ల 1,180 కన్నా దారి ఖర్చే ఎక్కువ. మూడు గంటల సినిమాకు ప్రయాణంతో కలిపి తొమ్మిది గంటలు పోతాయి. కాబట్టి ప్రతి సినిమాకూ పోవడం దండగ. ఏడాదికి రెండు మూడు సినిమాలకు పోవడం మాత్రం కచ్చితంగా విలువైన పనే. ఆ రెండు మూడు ఏవో ఎంచుకోవడంలోనే ఉంది కిటుకు.

బోర్డు మీద పేరు చూసి మోసపోకండి

రిక్లైనర్, గోల్డ్ క్లాస్ అంటే సుఖంగా కూర్చునే సీటు. దానికీ తెర సైజుకూ సంబంధం లేదు. డాల్బీ అట్మాస్ అంటే సౌండ్ పద్ధతి. ముప్పై అడుగుల తెర ఉన్న చిన్న హాల్లోనూ అది ఉండొచ్చు. 4డీఎక్స్ అంటే కదిలే కుర్చీలు. పెద్ద తెర ఫార్మాట్లు వేరు. ఐమాక్స్, క్యూబ్ వాళ్ల ఎపిక్, హైదరాబాద్ ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌లోని పీసీఎక్స్ ఈ కోవలోకి వస్తాయి. ప్రసాద్స్ 2003లో ఐమాక్స్‌గానే మొదలైంది, ఆ ఒప్పందం 2014 తర్వాత లేదు. ఆటోవాళ్లు ఇప్పటికీ ఐమాక్స్ అనే అంటారు, ఆటో ఎక్కడానికి ఆ పేరు పనికొస్తుంది. కానీ ఐమాక్స్ వెర్షన్ చూస్తామనుకుని అక్కడికి పోవద్దు. అక్కడ ఉన్నది పీసీఎక్స్, 101.6 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తున్న తెర. యాప్‌లో షో టైం పక్కన పీసీఎక్స్ అని రాసి ఉంటేనే ఆ తెర. అదే బిల్డింగ్‌లో మామూలు స్క్రీన్లు కూడా ఉన్నాయి. తొందరలో వాటికి బుక్ చేసుకుంటే 150 కిలోమీటర్లు పోయి, మన ఊళ్లో ఉన్నటువంటి తెరే చూసి వస్తారు.

సినిమా ఏ కొలతలో తీశారు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, ఎక్కువ మంది చూడనిదీ ఇదే. మన తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం స్కోప్, అంటే 2.39:1. ఎత్తు ఒకటైతే వెడల్పు రెండున్నరకు కాస్త తక్కువ. 101.6 అడుగుల వెడల్పు తెర మీద స్కోప్ బొమ్మ ఎత్తు దాదాపు 42 అడుగులే. 64లో ఇంకో 21 అడుగుల పైచిలుకు నల్లగా మిగిలిపోతుంది. అదే 1.90:1లో వచ్చిన సినిమా అయితే బొమ్మ 53 అడుగుల ఎత్తుకు లేస్తుంది. 1.85:1 ఫ్లాట్ అయితే దాదాపు 55. ఒకే తెర, ఒకే టికెట్, బొమ్మ విస్తీర్ణంలో మాత్రం పాతిక శాతం పైగా తేడా.

అందుకే బుక్ చేసే ముందు ఆ సినిమా ఆస్పెక్ట్ రేషియో, అంటే బొమ్మ వెడల్పు ఎత్తుల ఈ నిష్పత్తి ఎంతో వెతకండి. ఐమాక్స్ కెమెరాలతో తీసిన హాలీవుడ్ సినిమా అయితే ఎత్తు ఎక్కువున్న బొమ్మ ఐమాక్స్ కాని హాళ్లకు కూడా ఇచ్చారా, స్కోప్‌కు కోసి ఇచ్చారా అన్నది కూడా చూడాలి. ఐమాక్స్‌కే పరిమితం చేస్తే పీసీఎక్స్‌లో మీకు వచ్చేది చాలావరకు స్కోప్ బొమ్మే. ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే కుటుంబ కథకు, కామెడీకి ఇంత దూరం పోవాల్సిన పని లేదు. యుద్ధం, అంతరిక్షం, అడవి, సముద్రం, వేలమంది జనం ఉన్న షాట్లు, ఇవి పెద్ద తెర మీద వేరుగా ఉంటాయి. మనిషి చీమంత కనిపించే షాట్‌లో కూడా ఆ మనిషి ఏం చేస్తున్నాడో తెలుస్తుంది.

పిడికిలితో కొలిచి సీటు ఎంచుకోండి

కంటికి అందేది తెర అడుగులు కాదు, తెర చేసే కోణం. వంద అడుగుల తెరకు వంద అడుగుల దూరంలో కూర్చున్నా, యాభై అడుగుల తెరకు యాభై అడుగుల దూరంలో కూర్చున్నా కోణం ఒకటే, 53 డిగ్రీలు. వరంగల్లో సినిమా చూసేవాళ్లకు ఇదే పెద్ద ఆదా. బాల్కనీ వెనక వరుస మంచిదన్న పాత అలవాటు మానుకుని నాలుగైదు వరుసలు ముందుకు వస్తే చాలు, సగం పెద్ద తెర అక్కడే దొరుకుతుంది.

కొలవడం తేలిక. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగించండి. పిడికిలి వెడల్పు మీ కంటికి సుమారు 10 డిగ్రీలు. ఒక కన్ను మూసి, తెర ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా పిడికిళ్లు పక్కపక్కన పెట్టుకుంటూ లెక్కపెట్టండి. మూడు వస్తే మీరు బాగా వెనక ఉన్నారు. నాలుగు నుంచి ఐదున్నర మధ్య వస్తే మంచి చోటు. ఆరు దాటితే మెడ తిప్పుతూ చూడాలి, సబ్‌టైటిల్స్ చదవడం కష్టం. మీ ఊరి హాల్లో ఒకసారి ఇలా కొలిచి ఆ వరుస అక్షరం ఫోన్‌లో రాసిపెట్టుకోండి. తర్వాత ఎప్పుడూ వెతుక్కోనక్కర్లేదు. అడ్డంగా మాత్రం నడిమి సీట్లే తీసుకోండి. 3డీ కోసం వేసిన సిల్వర్ స్క్రీన్ అయితే పక్క సీట్లకు బొమ్మలో ఒక వైపు మసకగా కనిపిస్తుంది.

పీసీఎక్స్‌లో మరీ ముందు వరుసలు వద్దు. ఆ వెడల్పును 2కే బొమ్మ 2,048 చుక్కలతో నింపాలి, అంటే ఒక్కో చుక్క 15 మిల్లీమీటర్లు, బొటనవేలి గోరంత. 4కే అయితే శనగగింజంత. చాలా సినిమాల్లో గ్రాఫిక్స్ షాట్లు 2కేలోనే తయారవుతాయి కాబట్టి ముందు కూర్చుంటే అంచులు మెత్తగా, అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. హాలు సగం దాటాక నడిమి సీటు దొరకకపోతే ఆ షో వదిలేసి ఇంకో రోజుది చూసుకోండి.

వెలుతురు, సౌండ్

తెర వెడల్పు రెండింతలైతే విస్తీర్ణం నాలుగింతలు, లైటు కూడా నాలుగింతలు కావాలి. పెద్ద తెర మీద పాత ల్యాంపు వాడితే బొమ్మ పొద్దుగూకినట్టు ఉంటుంది. తెర వెలుతురును ఫుట్-లాంబర్ట్‌లలో కొలుస్తారు, 2డీకి ప్రమాణం 14. 3డీ కళ్లద్దాలు పెట్టుకున్నాక కంటికి చేరేది చాలా హాళ్లలో అందులో మూడో వంతు లోపే. మామూలు హాల్లో 2డీ, 3డీ రెండూ ఆడుతుంటే 2డీకే పోండి. 3డీయే చూడాలనుకుంటే అప్పుడు లేజర్ ప్రొజెక్టర్ ఉన్న పెద్ద హాలుకు పోవడం న్యాయం.

అట్మాస్‌లో గరిష్ఠంగా 64 స్పీకర్ దారులు ఉంటాయి, సినిమాకు అట్మాస్ మిక్స్ చేసి ఉంటేనే అవి పనికొస్తాయి. లేకపోతే అదే హాల్లో మామూలు సరౌండ్ సౌండ్ (5.1 గానీ 7.1 గానీ) వినిపిస్తుంది. లోపలికి పోగానే పైకి చూడండి. సీలింగ్‌కు రెండు వరుసల్లో స్పీకర్లు ఉంటే అది చాలావరకు అట్మాస్ హాలే.

ప్రయాణం

మార్నింగ్ షో గానీ మ్యాట్నీ గానీ తీసుకోండి. సెకండ్ షో చూసి అర్ధరాత్రి హైవే మీద నిద్రమత్తులో బండి నడపడం ఏ సినిమా కోసమూ చేయొద్దు. ఒక్కరో ఇద్దరో అయితే కారు అక్కర్లేదు. బస్సులో ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ఖైరతాబాద్‌లో దిగితే అక్కడి నుంచి ప్రసాద్స్‌కు ఆటోలో దగ్గర. కాజీపేట నుంచి రైల్లో సికింద్రాబాద్ పోవచ్చు, కానీ రైలు ఆలస్యానికి గంటన్నర వెసులుబాటు పెట్టుకోండి. కరీంనగర్ వాళ్లు జేబీఎస్ బస్టాండ్‌లో దిగుతారు, అక్కడా మెట్రో ఉంది. మొదటి వారం వదిలేసి మామూలు పనిదినాల్లో పోతే సీటు మీరు కోరుకున్నదే దొరుకుతుంది, పెంచిన రేట్లు కూడా చాలాసార్లు తగ్గి ఉంటాయి.

హాల్లో తేడా కనిపిస్తే

ఊళ్లో అయినా, హైదరాబాద్‌లో అయినా సినిమా మొదలైన పది నిమిషాల్లోనే చెప్పాలి. బాగాలేదని చెబితే ఎవరూ కదలరు, ఏం తేడానో చెప్పండి. "అన్నా, స్కోప్ సినిమా నడుస్తుంది, పక్క మాస్కింగ్ (తెర అంచుల నల్లగుడ్డ) తెరవలేదు, బొమ్మ అంచులు దాని మీద పడుతున్నయ్" అంటే ఆపరేటర్‌కు వెంటనే అర్థమవుతుంది. 2డీ షో మరీ మసకగా ఉంటే 3డీ ఫిల్టర్ లెన్స్ ముందే ఉండిపోయిందేమో చూడమనండి. ఇది తరచూ జరిగేదే, సరిచేయడానికి నిమిషం పట్టదు. మాటలు వినపడక మ్యూజిక్ మాత్రం మోగుతుంటే నడిమి స్పీకర్ పనిచేయట్లేదని చెప్పండి. తెర వెనక నుంచి వచ్చే ఆ స్పీకర్‌లోనే డైలాగులు ఉంటాయి. అన్నీ సరిగ్గా ఉండి సౌండ్ మాత్రం నీరసంగా ఉంటే ఫేడర్, అంటే సౌండ్ పెంచి తగ్గించే మీట, ఎంత మీద ఉందో అడగండి. మిక్సింగ్ చేసేది 7 మీద, చాలా హాళ్లు 5 దగ్గరే ఆపుతాయి. అరపాయింటు పెంచమన్నా తేడా తెలుస్తుంది. అప్పటికీ సరిచేయకపోతే డ్యూటీ మేనేజర్ దగ్గరికి పోయి వేరే షోకు మార్చమని గానీ డబ్బులు వాపసు ఇమ్మని గానీ అడగండి. ఈ మాట ఇంటర్వెల్ లోపే అడగాలి, టికెట్ మెసేజ్ ఫోన్‌లో ఉంచుకోవాలి.