వేప కషాయానికి ముందు మూడు గంటల దీపం: టైమర్ సర్క్యూట్, కషాయం తయారీ

వేప గింజల కషాయం కొట్టినా పురుగు చావలేదన్న మాట ప్రతి సీజన్‌లో వినిపిస్తుంది. కషాయం పలచనై ఉండొచ్చు, గింజలు పాతవై ఉండొచ్చు. ఎక్కువసార్లు మాత్రం తప్పేది వేళ. వేపలోని అజాడిరక్టిన్ కొట్టగానే పడేసే మందు కాదు. అది పురుగును ఆకు ముట్టనివ్వదు, రెక్కల పురుగును గుడ్లు పెట్టనివ్వదు, కుబుసం విడిచే హార్మోన్లను దెబ్బతీసి పిల్ల పురుగును ఎదగనివ్వదు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఎస్. ప్రధాన్ బృందం వేప పప్పు ద్రావణం చల్లిన పైరును మిడతలు తినకుండా వదిలేస్తాయని చూపింది. గమనించాల్సింది ఆ 'వదిలేయడం' అన్నదే. వేలంత పెరిగిన లద్దె పురుగు తినాల్సింది ఎప్పుడో తినేసి ఉంటుంది, దాని మీద కషాయం పోస్తే దండగ.

పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు గుడ్లు మామూలుగా మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. పిల్ల పురుగు మొదటి కాటు వేసేసరికి కషాయం ఆకు మీద ఉండాలి. అంటే రెక్కల పురుగులు చేలోకి ఏ రాత్రి దిగాయో తెలియాలి. ఆ కబురు చెప్పేది దీపపు ఎర, అంటే వెలుగుకు వచ్చిన పురుగులు కింది నీళ్ల తొట్టిలో పడే ఏర్పాటు. అందుకే ఇక్కడ ముందు దీపాన్ని నడిపే గడియారం, తర్వాతే కషాయం.

దీపం రాత్రంతా ఎందుకు వద్దు

దీపానికి మిత్రపురుగు, శత్రుపురుగు తేడా లేదు. రాత్రంతా వెలిగితే పెంకు పురుగుల్లాంటి మనకు పనికొచ్చేవి కూడా తొట్టిలో పడి చస్తాయి, బ్యాటరీ కూడా తెల్లారేసరికి ఖాళీ. పొద్దుగూకాక మూడు గంటలు చాలు. ఒకే పురుగు లెక్క కావాలంటే లింగాకర్షక బుట్ట (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించేది) దీనికన్నా మంచిది. కానీ దాని ఎర ఒక్కో పురుగుకు వేరు, కొన్ని వారాలకోసారి మార్చాలి. చేలో ఏమేం తిరుగుతున్నాయో ఒకేచోట చూడాలంటే దీపమే.

రోజూ సాయంత్రం వెళ్లి వేయడం, రాత్రి వెళ్లి ఆర్పడం నాలుగు రోజుల ముచ్చట. కాబట్టి చీకటి పడగానే తనే వెలిగి, మూడు గంటలకు తనే ఆరి, మర్నాటి దాకా మళ్లీ వెలగని సర్క్యూట్ కావాలి.

కావలసినవి

సీడీ 4060, సీడీ 4001 ఐసీలు, వాటి బేసులు. 5 మి.మీ. ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే భాగం). 100 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్). రెసిస్టర్లు: 100 ఓమ్‌లు ఒకటి, 4.7 కిలో రెండు, 100 కిలో ఒకటి, 470 కిలో ఒకటి, 560 కిలో ఒకటి, 2.2 మెగా ఒకటి, 4.7 మెగా ఒకటి. కెపాసిటర్లు: 1 మైక్రోఫారడ్ పాలిస్టర్ ఒకటి, 10, 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్‌లు ఒక్కోటి (25 వోల్టులవి), 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ రెండు. 1ఎన్ 4148 డయోడు, ఐఆర్‌ఎఫ్‌జెడ్ 44ఎన్ మాస్‌ఫెట్ (దీపాన్ని వేసి ఆర్పే ఎలక్ట్రానిక్ స్విచ్చు), చిన్న ఎల్‌ఈడీ, 2 ఆంపియర్ల ఫ్యూజు. వీటికి తోడు 12 వోల్టుల 5 వాట్ల అల్ట్రావయొలెట్ ఎల్‌ఈడీ దీపం, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, 10 వాట్ల సోలార్ పలక, చార్జ్ కంట్రోలర్.

5 వాట్ల దీపం సుమారు 0.42 ఆంపియర్లు లాగుతుంది. మూడు గంటలకు 1.25 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి ఎండ లేకపోయినా రెండు రాత్రులు ధైర్యంగా నడుస్తుంది, మూడో రాత్రి అనుమానం.

గడియారం భాగం

సీడీ 4060 లోపలే ఆసిలేటరు, 14 మెట్ల లెక్కింపు రెండూ ఉన్నాయి. 560 కిలో ఒక కొన 10వ కాలుకు, 1 మైక్రోఫారడ్ ఒక కొన 9వ కాలుకు, 2.2 మెగా ఒక కొన 11వ కాలుకు. మూడింటి రెండో కొనలు ఒకేచోట కలపాలి. ఒక్కో చక్రానికి పట్టే సమయం 2.3 × 0.56 × 1, అంటే దాదాపు 1.29 సెకన్లు. 8,192 చక్రాలు పూర్తికాగానే 3వ కాలు మీద వోల్టేజి పైకి లేస్తుంది: 10,550 సెకన్లు, మూడు గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ. డయోడు ఆనోడు 3వ కాలుకు, కాథోడు 11వ కాలుకు పెడితే ఆ క్షణంలోనే లెక్కింపు ఆగిపోయి తెల్లారేదాకా అలాగే ఉంటుంది. ఈ డయోడు మరిస్తే దీపం మూడు గంటలు వెలిగి, మూడు గంటలు ఆరి, మళ్లీ వెలుగుతుంది.

గోడ గడియారంలో ఉండే 32,768 హెర్ట్జ్‌ల క్రిస్టల్ ఇక్కడ అక్కర్లేదు. పది నిమిషాల తేడాతో పురుగుల లెక్క మారదు.

సమయం సరిచూడటానికి మూడు గంటలు కాపలా కాయనక్కర్లేదు. 7వ కాలు నుంచి 4.7 కిలో మీదుగా చిన్న ఎల్‌ఈడీని భూమికి (అంటే బ్యాటరీ మైనస్‌కు) కలపండి. అది ఒకసారి వెలిగినప్పటి నుంచి మళ్లీ వెలిగేదాకా ఎన్ని సెకన్లో చూసి 512తో గుణించండి. 21 సెకన్లు వస్తే మూడు గంటలకు అటూ ఇటూ. 26 వస్తే మూడు ముప్పావు, 560 కిలో బదులు 470 కిలో వేయాలి. ఇక్కడ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వాడొద్దు. అది లీకవుతుంది, ఎండకు ఒక రకంగా, చలికి ఒక రకంగా లెక్క తప్పిస్తుంది.

చీకటిని గుర్తించే భాగం

ఎల్‌డీఆర్ ఒక కొన ప్లస్‌కు. రెండో కొన నుంచి ప్రీసెట్, దానికి వరుసగా 4.7 కిలో, అక్కడి నుంచి భూమికి. ఈ 4.7 కిలో లేకుండా ప్రీసెట్‌ను సున్నాకు తిప్పితే మిట్టమధ్యాహ్నం ఎల్‌డీఆర్ మాడిపోతుంది. ఎల్‌డీఆర్, ప్రీసెట్ కలిసినచోటు నుంచి 470 కిలో మీదుగా సీడీ 4001లో జతచేసిన 1, 2 కాళ్లకు వెళ్లాలి. ఆ కాళ్ల నుంచే భూమికి 10 మైక్రోఫారడ్. మెరుపులకూ రోడ్డు మీది బండ్ల లైట్లకూ గడియారం మళ్లీ మొదలుకాకుండా కాపాడేది ఇదే. 3వ కాలు నుంచి జతచేసిన 5, 6 కాళ్లకు. 4వ కాలు నుంచి వెనక్కి 1, 2 కాళ్లకు 4.7 మెగా. దీనివల్ల మునిమాపు వేళ వెలగనా వద్దా అని తడబడదు.

4001లోని 4వ కాలును 4060 ఐసీ 12వ కాలుకూ, 4001లోనే 8వ కాలుకూ కలపండి. 4060 ఐసీ 3వ కాలును 4001 ఐసీ 9వ కాలుకు. 4001 ఐసీ 10వ కాలు నుంచి 100 ఓమ్‌ల మీదుగా మాస్‌ఫెట్ గేటుకు, గేటు నుంచి భూమికి 100 కిలో. మాస్‌ఫెట్ సోర్సు భూమికి, డ్రెయిన్ దీపం మైనస్‌కు. దీపం ప్లస్ ఫ్యూజు దాటాక బ్యాటరీ ప్లస్‌కు. 4001లో వాడని 12, 13 కాళ్లను భూమికి కట్టేయాలి, గాలిలో వదిలేస్తే ఐసీ వేడెక్కుతుంది. ప్లస్ 4060లో 16వ కాలుకు, 4001లో 14వ కాలుకు. భూమి 4060లో 8వ కాలుకు, 4001లో 7వ కాలుకు. ఒక్కో ఐసీ పక్కనే 0.1 మైక్రోఫారడ్, బోర్డుకు ప్లస్ చేరేచోట 100 మైక్రోఫారడ్.

ఎల్‌డీఆర్‌ను నల్ల పైపు ముక్కలో పెట్టి ఆకాశంకేసి చూసేలా బిగించండి. మన దీపం వెలుగు దాని మీద పడితే వెలగడం, 'తెల్లారింది' అనుకుని ఆరడం, మళ్లీ వెలగడం, ఇలా రాత్రంతా మిణుకుమంటూనే ఉంటుంది. దీనికి సర్క్యూట్‌లో తప్పు వెతికితే దొరకదు. బ్యాటరీ పగలే కలపాలి. రాత్రి కలిపితే లెక్కింపు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. ప్రీసెట్‌ను మునిమాపు వేళే తిప్పి కుదర్చండి.

తొట్టి, పుస్తకం

దీపం పైరు పై కొసలకు అడుగు ఎత్తున ఉండాలి. పైరు ఎదిగేకొద్దీ జరపాలి. కింద వెడల్పు తొట్టిలో నీళ్లు, చిటికెడు సబ్బు పొడి. సబ్బు లేకపోతే రెక్కల పురుగులు నీటి మీద తేలి ఎగిరిపోతాయి. చేను నడుమ కాకుండా గట్టు మీద పెట్టండి, దీపానికి వచ్చి తొట్టిలో పడనివి చుట్టుపక్కల ఆకుల మీదే గుడ్లు పెడతాయి.

రోజూ పొద్దున్నే తొట్టిలోంచి తీసి రకాలవారీగా లెక్క రాయాలి. రెండు మూడు పడేచోట వరసగా రెండు రాత్రులు పది, పదిహేను పడితే ఆకు అడుగుభాగాలు తిప్పి చూడండి. పొగాకు లద్దె పురుగు గుడ్లు గోధుమరంగు నూగు కప్పుకుని కుప్పగా ఉంటాయి, ఆకుతో సహా తుంచి నలిపేయడమే. శనగపచ్చ పురుగు గుడ్లు లేత చిగుళ్ల మీదా పూమొగ్గల మీదా ఒక్కొక్కటిగా ఉంటాయి, తుంచడం కుదరదు. ఆ సాయంత్రమే పప్పు పొడి నానబెట్టాలి. పౌర్ణమి రోజుల్లో దీపానికి పురుగు తక్కువగా వస్తుంది. ఆ లెక్క చూసి నిశ్చింతగా ఉండొద్దు.

కషాయం

వేప పళ్లు జూన్, జూలైలో రాలతాయి. పసుపు పచ్చగా పండినవి ఏరి, నీళ్లలో పిసికి గుజ్జు పోగొట్టి, నీడలో బాగా ఆరబెట్టి గోనె సంచుల్లో దాచాలి. ప్లాస్టిక్ సంచిలో పోస్తే బూజు పడుతుంది. మూడు నుంచి ఎనిమిది నెలల వయసున్న గింజ మంచిది. పగలగొడితే పప్పు లేతాకుపచ్చగా ఉండాలి. నల్లబడినదీ బూజు వాసన వేసేదీ పారేయండి.

ఎకరాకు 200 లీటర్ల పిచికారీకి 5 శాతం చొప్పున 10 కిలోల పప్పు పొడి. గింజ బరువులో పప్పు సగం ఉంటుంది కాబట్టి పెంకుతో సహా దంచేవాళ్లు 20 కిలోలు తీసుకోవాలి. కషాయం పలచనైందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ లెక్కే. రోట్లో గానీ మిల్లులో గానీ బరకగా పట్టండి. మెత్తగా రుబ్బి నూనె దిగితే ముద్దయి నీళ్లలో సారం దిగదు.

పొడిని పలుచటి బట్టలో మూటకట్టి 20 లీటర్ల నీళ్లలో రాత్రంతా నాననివ్వాలి. పొద్దున మూటను అదే నీళ్లలో ముంచి పిండుతూ ఉంటే పాలలాంటి ద్రావణం దిగుతుంది. రెండు పొరల బట్టలో వడకట్టి 200 లీటర్లకు నీళ్లు కలపండి. 200 గ్రాముల సబ్బు పొడిని చెంబెడు నీళ్లలో కరిగించి పిచికారీకి ముందే కలపాలి, ముందురోజు కాదు. క్షారం తగిలితే అజాడిరక్టిన్ విరిగిపోతుంది. ఇదే కారణంగా క్షారగుణమున్న బోరు నీళ్లకన్నా వాన నీళ్లో కాలువ నీళ్లో మేలు. బోరు నీళ్లే దిక్కైతే ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారడం ఆగేదాకా నిమ్మరసం కలపండి. సున్నం ఉన్న బోర్డో మిశ్రమంతో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు.

ఎండకు కూడా ఇది నిలవదు. సాయంత్రం నాలుగున్నర దాటాకే కొట్టాలి, తేనెటీగలకు కూడా అదే క్షేమం. ఆకు అడుగున తడిసేలా నాజిల్ పైకి తిప్పి కొట్టండి. పనితనం నాలుగైదు రోజులు, వారం పది రోజులకు మళ్లీ కొట్టాలి. ఆ రాత్రే గట్టి వాన పడితే కొట్టనట్టే లెక్క. కలిపిన కషాయం మర్నాటికి ఉంచొద్దు. పిండిన పిప్పి మొక్కల మొదట్లో వేయండి, డ్రమ్ము కడిగిన నీళ్లు చేపల చెరువులోకి పోనివ్వొద్దు.

అజాడిరక్టిన్ అణువును ప్రయోగశాలలో మొదటి మెట్టు నుంచి కట్టడానికి కేంబ్రిడ్జ్‌లో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టింది, 2007లో పూర్తయింది. చెట్టు దగ్గర ఉన్నవాళ్లకు ఆ తిప్పలు లేవు. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల రైతులు రసాయన పురుగుమందులు మానేసినప్పుడు వేప గింజల పొడే వాళ్లకు ముఖ్యమైన ఆసరా అయింది. గింజలు చాలకపోతే 1500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 1500 పాళ్లు అజాడిరక్టిన్) వేపనూనె మందు లీటరు నీటికి 5 మి.లీ. కలిపి వాడొచ్చు.

కొట్టాక మూడో రోజు చూడాల్సింది చచ్చిన పురుగుల్ని కాదు, కొత్త ఆకుల్ని. లేత ఆకుల మీద గీకుడు మచ్చలు పెరగకుండా, పిల్ల పురుగులు చిన్నగా మిగిలిపోతే కషాయం పట్టినట్టే. ఆకులు జల్లెడలా అవుతుంటే వేళ దాటింది. అప్పుడు పెద్ద పురుగుల్ని చేత్తో ఏరడం, ఆ పురుగుకు తగిన ఎన్‌పీవీ (పురుగుకు జబ్బు చేసే వైరస్) ద్రావణం సాయంత్రం కొట్టడం తప్ప వేపతో పని లేదు.